పాత డ్రైవర్

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆరాధన ఆఫీసు గది తాళం తీసేసరికి కంప్యూటర్ తెర మీద ఎనిమిది గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. రోజూ అయితే ఒక్కో గడిలో ఒక్కో చాంబర్ ఎంత చల్లగా ఉందో అంకె కనపడుతుంది. ఇవాళ అంకెల చోట అడ్డగీతలు. సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కనున్న ఆ కోల్డ్ స్టోరేజీలో ఎనిమిది చాంబర్లకీ కలిపి తొంభై వేల బస్తాల మిరపకాయలున్నాయి. బయట మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

ముందు తీగ చూసింది. ఎవరైనా అదే చూస్తారు. కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ కార్డు దగ్గర పచ్చ దీపం వెలగాలి. వెలగడం లేదు. తీగ ఊడదీసి మళ్ళీ పెట్టింది, ఇంకో తీగ తెచ్చి పెట్టింది. అదే తీగని తన లాప్‌టాప్‌కి గుచ్చితే దీపం టక్కున వెలిగింది. అంటే తీగ బాగానే ఉంది, లోపం కంప్యూటర్లోనే. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, యంత్రంలో ఏయే భాగాలున్నాయో చెప్పమంది. జాబితాలో కార్డు పేరు శుభ్రంగా ఉంది. పనిచేస్తున్న కనెక్షన్లు చెప్పమంటే మాత్రం ఆ కార్డు ఊసే లేదు. మనిషి ఇంట్లోనే ఉండి పిలిస్తే పలకనట్టుంది వ్యవహారం.

శనివారం సాయంత్రం తను చేసిన ఘనకార్యం అప్పుడు గుర్తొచ్చింది. అప్‌గ్రేడ్ చెయ్యి, అప్‌గ్రేడ్ చెయ్యి అని నాలుగు నెలలుగా ఆ కంప్యూటర్ ప్రాణం తీస్తోంది. అన్నిటికీ అడుగున ఉండి యంత్రాన్ని నడిపించే కెర్నల్ అనే ప్రోగ్రాముకి కొత్తది వచ్చిందట. చోటు చాలదంటే, తీసేయమంటావా అని అది రెండుసార్లు అడిగినా వినకుండా పాత కెర్నళ్ళన్నిటినీ ఊడ్చి పారేసి, కొత్తది ఎక్కించి ఇంటికెళ్ళింది. ఆదివారం చర్చిలో కూర్చుని కూడా, పని మిగల్చకుండా చేశానని లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెం సాగుతుండగానే ఇక్కడ కరెంటు పోయి వచ్చింది, కంప్యూటర్ ఆగి లేచింది, లేవడం కొత్త కెర్నల్‌తో లేచింది.

కార్డుకీ కెర్నల్‌కీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. మూడేళ్ళ కిందట గుంటూరు నుంచి వచ్చిన టెక్నీషియన్ ఎవరో ఆ కార్డుకి డ్రైవర్ని అప్పటి కెర్నల్‌కి సరిపడేలా సొంతంగా తయారుచేసి పెట్టి వెళ్ళాడు. కొత్త కెర్నల్‌కి దాని మొహం కూడా తెలియదు. డ్రైవర్ని లేపమంటే అలాంటిది ఇక్కడ లేదని ఒక్క ముక్కలో తేల్చేసింది. పోనీ వెనక్కి వెళదామంటే పాత కెర్నళ్ళు లేవు. తప్పు ఎవరిదో ఆరాధనకి తెలిసిపోయింది.

మిషను గది చూసుకునే ఆదాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాంబర్లలోకి వెళ్ళి చేత్తో చూసి రాయక తప్పదా అని అడిగాడు. తప్పదంది. అతను విసుక్కోలేదు. మే నెలలో మంకీ క్యాపు పెట్టుకుని, స్వెట్టరు తొడుక్కుని, టార్చిలైటు పుచ్చుకుని ఒకటో చాంబర్ తలుపు లాగాడు. లోపలి చలితోపాటు మిరపఘాటు కూడా వచ్చి ఇద్దరికీ దగ్గు తెప్పించింది.

ఇంతలో ఓనరు శ్యామ్ సుందర్ గారి ఫోను. ఆయన గుంటూరులో ఉంటాడు, రెండు రోజులకోసారి వచ్చి చూసుకుంటాడు. ఆ వేళప్పుడు మిర్చి యార్డులో ఉన్నట్టున్నాడు, వెనక కాటాల దగ్గర కేకలు వినపడుతున్నాయి. రోజూ తన ఫోన్లో కనపడే చాంబర్ల అంకెలు ఇవాళ రావడం లేదేమన్నాడు. ఆరాధన కెర్నల్ అని మొదలుపెట్టిందో లేదో ఆయన ఆపేశాడు. ఈ గోలలో వినపడదనీ, ఏం పోయిందో, ఏం చెయ్యాలో తెలుగులో రెండు ముక్కలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే చదువుకుంటాననీ చెప్పి పెట్టేశాడు.

ఆరాధన ఒక కన్ను తెర మీదా, ఒక కన్ను ఫోను మీదా పెట్టి టైపు చేసింది.

"నెట్ పోవడానికి కారణం డ్రైవర్ సార్. అప్‌గ్రేడ్ తర్వాత పాత డ్రైవర్ పనిచేయడం లేదు. తీసేసి కొత్త డ్రైవర్ని పెడితే సరిపోతుంది."

నిమిషం తిరక్కుండా ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆ గండం గడిచిందనుకుని ఆమె పనిలో పడింది.

పాత టెక్నీషియన్ వదిలిపోయిన డ్రైవర్ అసలు కోడు ఒక మూల దొరికింది. దాన్ని కొత్త కెర్నల్‌కి తయారుచెయ్యమంటే సగం దూరం వెళ్ళి బోర్లాపడింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఒక తప్పు సరిచేస్తే కింద రెండు పుట్టుకొస్తున్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఆమె నలభయ్యో ఎర్ర గీత చదువుతుండగా ఎవరో బల్ల పక్కకొచ్చి నిలబడ్డారు. తల తిప్పకుండానే సిలార్ అని తెలిసింది. పందొమ్మిదేళ్ళుగా అక్కడ బండి నడుపుతున్న మనిషి, నడకలో చెప్పుల చప్పుడు కూడా ఆఫీసులో అందరికీ తెలుసు.

"తాళాలు ఇక్కడ పెట్టమన్నాడమ్మా సారు," అన్నాడు.

"పెట్టు బాబాయ్," అంది ఆరాధన, తెర మీంచి చూపు తిప్పకుండా.

అతను ఇంకా ఏదో అడుగుతాడేమో అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళాలు చప్పుడు కాకుండా కాగితాల మీద పెట్టి వెళ్ళిపోయాడు. బండి సర్వీసింగుకి పోతుంది కాబోలనుకుంది ఆమె. అంతకన్నా ఆలోచించలేదు.

మంగళవారం పొద్దున గేటు దగ్గర హారను మోత మోగిపోయింది. సిలార్ హారను కొట్టడు. అతని బండి వస్తే వాచ్‌మన్‌కి ఇంజను చప్పుడే చాలు. కిటికీలోంచి చూస్తే కొత్త వ్యానులో పాతికేళ్ళవాడెవడో, నల్ల కళ్ళద్దాలతో, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు. ఎవరతను అని అడిగితే ఆదాం ఆమె వైపు వింతగా చూశాడు.

"సిలార్ని తీసేశారుగా. నెట్ పోయింది అతనివల్లేనని నువ్వేగా రాసింది."

ఆరాధన ఫోను తీసి గ్రూపులో తన మెసేజ్ చదువుకుంది. మొదటిసారి చదివితే తప్పేమీ కనపడలేదు. రెండోసారి, కంప్యూటర్ సంగతి తెలియని మనిషిలా చదివింది. పోయిన నెలే ఓనరు పాత వ్యాను అమ్మి కొత్తది కొన్నాడు, కనపడినవాళ్ళందరికీ 'మన బండి అప్‌గ్రేడ్ చేశా' అని చెప్పాడు. అప్‌గ్రేడ్ తర్వాత పాత డ్రైవర్ పనిచేయడం లేదు. 'పనిచేయడం లేదు' అంటే మన భాషలో మనిషికీ సరిపోతుంది, వస్తువుకీ సరిపోతుంది. 'తీసేసి' అనేముందు 'దాన్ని' అని ఒక్క ముక్క పెట్టి ఉంటే సిలార్ ఈపాటికి గేటు లోపల బండి తుడుచుకుంటూ ఉండేవాడు. పదో తరగతిలో తెలుగులో తొంభై రెండు మార్కులు వచ్చిన మనిషి రాసిన మూడు వాక్యాలు అవి.

ఓనరుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. రేపు పదకొండింటికి వస్తానని మాత్రం మెసేజ్ పెట్టాడు. ఆ రోజంతా ఆరాధన ఎర్ర గీతల ముందు కూర్చుందే గాని ఒక్కటీ తలకెక్కలేదు. ఆదాం రెండు గంటలకోసారి వచ్చి అంకెలు చదివి వినిపిస్తుంటే రాసుకుంది. పొద్దు వాలకముందే షేర్ ఆటో ఎక్కి సత్తెనపల్లిలో సిలార్ ఇంటికి వెళ్ళింది.

సిలార్ భార్య రహిమున్నీసా వరండాలో చాట ముందు పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆరాధనని చూసి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. తొడిమ తీసిన కాయ ఒక పక్క, తొడిమ ఒక పక్క వేస్తూనే ఉంది. ఎప్పుడొచ్చినా ముందు మంచినీళ్ళిచ్చే మనిషి. ఇవాళ ఆ నీళ్ళు రాలేదు.

సిలార్ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. అతని మొహంలో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఏముందమ్మా. తీగకి తగిలింది నా బండే," అన్నాడు.

ఏ తీగ అని అడిగింది. శుక్రవారం సంగతి చెప్పాడు. కొత్త వ్యాను పాతదానికన్నా ఎత్తు. లోడుతో గేటులోకి తిప్పుతుంటే పైబస్తా నెట్ తీగకి తగిలి, తీగ జారి వేలాడింది. అతనే బస్తాల మీదకెక్కి, గోనె పురికొసతో స్తంభానికి గట్టిగా కట్టేశాడు. తెగలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. సోమవారం సారు ఫోన్ చేసి, నీ వల్ల నెట్ పోయిందని ఆఫీసులోంచి రాసి పంపారు, నేనేం చెయ్యను అన్నాడు. దాచిన తప్పు బయటపడింది కదా అనుకుని సిలార్ అవును సార్ నా వల్లే అన్నాడు. ఇవాళ పొద్దున అదే రోడ్డులో ఇంకో కోల్డ్ స్టోరేజీకి పోయి పని అడిగితే, అప్పటికే అక్కడ తెలిసిపోయింది. తీగలు తెంపే డ్రైవర్ మాకెందుకని గేటు దగ్గరే చెప్పేశారు.

ఆరాధన గబగబా చెప్పుకుపోయింది. తీగ తెగలేదు, దానివల్ల ఏమీ కాలేదు, పోయింది కంప్యూటర్లోది, అది కూడా తన చేతులమీదుగానే పోయింది. సిలార్ మెసేజ్ చూపించమన్నాడు. ఫోను చెయ్యంత దూరం పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. 'పాత డ్రైవర్ పనిచేయడం లేదు' దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

"కంప్యూటర్లో కూడా డ్రైవర్ ఉంటాడా?"

"ఉంటాడు బాబాయ్." నాలిక్కరుచుకుంది. "ఉంటుంది."

రహిమున్నీసా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. సిలార్ భార్య వైపు చూసి, రెండు రోజుల తర్వాత మొదటిసారి కాస్త నవ్వాడు.

"నేను చెప్పలా? సారు అట్టాంటోడు కాదని. ఆయనకి అర్థంగాక చేశాడు. నువ్వు చెప్పమ్మా. విషయం తెలిస్తే ఆయనే రమ్మంటాడు."

చెప్తానంది ఆరాధన. రహిమున్నీసా లేచి లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

బుధవారం ఆరాధన ఏడింటికే వచ్చేసింది. ముందు గేటు దగ్గర స్తంభం చూసింది. పురికొస మూడు చుట్లు తిప్పి, ముడి మీద ముడి వేసి ఉంది. తీగ మీద గీత కూడా పడలేదు. లోపలికెళ్ళి ఫోన్లో వెతికితే, ఆ కార్డు తయారుచేసిన కంపెనీ తన సైటులో డ్రైవర్ కొత్త కోడు పెట్టిందని తేలింది. చాంబర్ల చలి బయటికి పోకుండా కట్టిన మందపాటి గోడల మధ్య సిగ్నలు మాటలకి సరిపోతుంది గాని, ఫైలు దించుకునేంత అందదు. గేటు బయటికొచ్చి, ఎండలో నిలబడి, ఫోనులోకి దించుకుని, మళ్ళీ లోపలికెళ్ళి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తి చివర ఆగాయి. డ్రైవర్ని లేపమని కొట్టింది. కంప్యూటర్ వెనక పచ్చ దీపం వెలిగింది. కాసేపటికి తెర మీద ఒక్కో గడిలో ఒక్కో అంకె వచ్చి కూర్చుంది. ఆదాం తన కాగితం పట్టుకొచ్చి పోల్చి చూసుకుని, ఐదో చాంబర్ దగ్గర అర డిగ్రీ తేడా తప్ప అన్నీ సరిపోయాయని, మంకీ క్యాపు తీసి జేబులో కుక్కుకున్నాడు. ఇంకెప్పుడు కెర్నల్ మారినా డ్రైవర్ తనంతట తానే కొత్తగా తయారయ్యేలా కూడా కట్టుదిట్టం చేసింది ఆరాధన. రెండు రోజులు ఏడిపించిన పని గంటన్నరలో అయిపోయింది. సంతోషం మాత్రం రాలేదు. పదకొండెప్పుడవుతుందా అని చూస్తోంది.

శ్యామ్ సుందర్ గారు వచ్చి, తెర చూసి, శభాష్ అన్నాడు. ఆరాధన నిలబడే మొత్తం చెప్పింది. అప్‌గ్రేడ్ అంటే బండి కాదు, డ్రైవర్ అంటే సిలార్ కాదు, తీగకి ఏమీ కాలేదు, తప్పు తనది. వాక్యం తనే సరిగ్గా రాయలేదు కాబట్టి అపార్థం అయింది. కావాలంటే గ్రూపులో అందరికీ తనే క్షమాపణ చెప్తుంది. ఇవన్నీ దారిలో ఆటోలో కూర్చుని వరుసగా అనుకుని వచ్చిన మాటలు.

ఆయన ఓపిగ్గా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అపార్థం ఏముందమ్మా. నువ్వు రాసింది నాకు అప్పుడే అర్థమైంది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఆ మాత్రం డ్రైవర్ తెలీదా నాకు?"

ఆరాధనకి ముందు ఆ మాట చెవిలో పడింది గాని బుర్రకెక్కలేదు. ఆయన నెమ్మదిగానే చెప్పుకొచ్చాడు. ఏడాదిగా చూస్తున్నాడట. సిలార్‌కి వయసు మీద పడింది, కొత్త బండికి కుర్రాడు కావాలి, బావమరిది ఊరివాడొకణ్ణి ఎప్పుడో అనుకున్నాడు. కానీ పందొమ్మిదేళ్ళు చేసిన మనిషిని మొహం మీద మానెయ్యమని ఎలా చెప్పడం? తన పెళ్ళికి బండి తోలిన మనిషి. నాలుగైదుసార్లు పిలిచి కూడా, మొహమాటపడి, టీ తాగి వెళ్ళమని పంపేశాడు. సోమవారం ఆ మెసేజ్ చదవగానే దేవుడు పంపినట్టు అనిపించిందట. ఊరికే అడిగి చూద్దామని ఫోన్ చేస్తే అతనే నా వల్లే అని ఒప్పుకున్నాడు. ఇక తను చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

"మానెయ్యమని నా నోటితో ఒక్క మాట అనలేదు తెలుసా?" అన్నాడాయన, అదేదో మంచితనం అయినట్టు.

ఆరాధనకి ఒళ్ళు మండిపోయింది. నిన్నటి నుంచీ తన వ్యాకరణాన్ని తిట్టుకుంటూ గడిపింది. ఈయన ఆ వాక్యాన్ని చేతికందిన కర్రలా వాడుకున్నాడు. అయినా ఆమె గొంతు పెంచలేదు. పనిలోకి తీసుకోకపోతే పోనీ, సిలార్ తప్పు లేదని ఒక కాగితం రాసివ్వమంది, వేరేచోట చూపించుకుంటాడంది.

కాగితాలెందుకన్నాడు ఆయన. తీగ తెగిందంటే బస్తాలు దాచుకున్న రైతులకి అర్థమవుతుంది, రెండు రోజులు అంకెలు నమోదు కాలేదంటే ఊరుకుంటారు. ఆఫీసులోనే పాడుచేసుకున్నామంటే ఎవరూ ఊరుకోరు.

"నీ అప్‌గ్రేడ్ సంగతి నేను ఎవరికీ చెప్పను. నువ్వూ చెప్పకు. చెప్తే మాత్రం నిన్ను ఇక్కడ ఉంచడం నాకు కష్టం. చూసుకో మరి," అన్నాడు. బెదిరించినట్టు కాదు, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పినట్టు చెప్పాడు. ఆయన కష్టాలన్నీ అలాగే చెప్తాడు కాబోలు.

ఆయన కారు గేటు దాటాక ఆరాధన తెర ముందు కూర్చుంది. ఎనిమిది గళ్ళలో అంకెలు నిక్షేపంగా మారుతున్నాయి. ఈ ఉద్యోగం పోతే తనకి ఇంకోటి రావడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. భయం కూడా వేసింది. అయినా తన పేరుతోనే ఒక కాగితం టైపు చేసింది. ఫలానా తేదీన నెట్‌వర్క్ ఆగిపోవడానికి కారణం నేను చేసిన అప్‌గ్రేడ్ అనీ, సిలార్ గారికి, ఆయన నడిపిన బండికి దీనితో ఏ సంబంధమూ లేదనీ, గేటు దగ్గర తీగ చెక్కుచెదరకుండా ఉందనీ రాసింది. ఒకటికి మూడుసార్లు చదివింది. కంప్యూటర్ సంగతి తెలియని మనిషిలా ఒకసారి, తెలిసిన మనిషిలా ఒకసారి, ఓనరులా ఒకసారి. ఎక్కడా రెండో అర్థం దొరకలేదు. ప్రింటు తీసి సంతకం పెట్టి, ఫోను నంబరు కూడా వేసింది.

ఇంటికి తీసుకెళ్ళి ఇద్దామనుకుంది గాని అవసరం లేకపోయింది. గేటు ఎదురుగా, రోడ్డు అవతల టీ బంకు బల్ల మీద సిలార్ కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. పదకొండు నుంచీ ఇక్కడే ఉన్నాడని బంకతను చెప్పాడు. ఓనరు కారు రావడం, పోవడం చూశాడు. పిలుస్తారేమో అని కూర్చున్నాడు.

ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"చెప్పావా అమ్మా?"

చెప్పానంది. కొత్త మనిషిని పెట్టుకున్నాక మళ్ళీ మార్చడం కుదరదన్నారంది. కాగితం చేతిలో పెట్టి, ఇది ఎక్కడ చూపించినా తీగ మాట ఎవరూ ఎత్తరనీ, ఎత్తితే తనకి ఫోన్ చెయ్యమనమనీ చెప్పింది. సిలార్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపేశాడు. అతనికి కావలసింది అందులో లేదు.

"అది కాదమ్మా. సారు ఏమన్నాడు? అర్థంగాక చేశానన్నాడా, లేదా?"

ఆరాధన అతని చొక్కా వైపు చూసింది. చేతుల మీద ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు. నిజం చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఏడాదిగా ఆయన నిన్ను వద్దనుకుంటున్నాడు బాబాయ్, నీకు టీ ఇప్పించి పంపిన ప్రతిసారీ అదే చెప్దామనుకున్నాడు. ఈ మాట చెప్తే పోయేది ఉద్యోగం కాదు, పందొమ్మిదేళ్ళు పోతాయి. ఆమె నోటి వెంట ఆ మాట రాలేదు.

"అవును బాబాయ్. అర్థంకాక చేశానన్నారు. చాలా బాధపడ్డారు. తప్పంతా నేను రాయడంలోనే ఉంది."

సిలార్ ఊపిరి పీల్చుకున్నాడు. బల్ల మీద కూర్చున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు. అతని మొహంలో ముందు తృప్తి లాంటిది కనపడింది. ఆ తర్వాత, మూడు రోజులుగా లేని కోపం నెమ్మదిగా వచ్చి చేరింది. ఇప్పుడు దానికి ఒక మనిషి దొరికింది.

"నేను అనుకుంటానే ఉన్నా. ఇన్నేళ్ళు చూసినోడు, తెలిసి తెలిసి చేస్తాడా?" అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి. రాసేముందు ఒకసారి చూసుకోవద్దా అమ్మా? ఒక మనిషి బతుకు కదా."

ఆరాధన తల వంచుకుని ఆ మాట పడింది.